క్యాన్ అడుగు డీజిల్

పెంచల్ పడవలోంచి తెచ్చిన క్యాన్‌ను తలకిందులుగా పట్టుకుని, ఆఖరి చుక్క దాకా జీపు ట్యాంకులో పోశాడు. అది చూసి కూడా దుర్గ నోరు విప్పలేదు.

పడవలో ఉంచిన క్యాన్ అడుగు డీజిల్‌ను పులికాట్ సరస్సు మీద బతికేవాళ్లెవరూ వాడరు. మూతలోంచి దిగిన ఉప్పునీళ్లు అడుగున చేరతాయి. ఆ కాస్తా పారబోస్తారు. పెంచల్ పడవ ఎక్కినవాడు కాదు.

పెంచల్ జీపు కదిలించాడు. ముందు సీట్లో దుర్గ, చేతులకు వలతాడు. వెనక ఆమె మొగుడు సుధాకర్, తెగిన చెవిలోంచి నెత్తురు. అతని గొంతు దగ్గర నరేంద్రబాబు కత్తి. రొయ్యల గుంట కాపలావాడు పద్మనాభయ్యను నరికింది నరేంద్రబాబేనని సుధాకర్ రేపు కోర్టులో చెప్పాలి. చెప్పనీయకుండా ఇద్దరినీ రాయి కట్టి సముద్రంలో ముంచడానికి తీసుకుపోతున్నారు.

కరకట్ట మధ్యలో జీపు దగ్గింది. ఒకసారి ఊగింది. వెనక తెల్లపొగ లేచింది. మరో రెండు కుదుపులు ఇచ్చి ఇంజను చచ్చింది.

"ఏందిరా?" అన్నాడు నరేంద్రబాబు.

"క్లచ్ పోయినట్టుందన్నా."

"క్లచ్ పోతే ఇంజను అరస్తాదిరా, ఆగదు," అంది దుర్గ.

"అయితే గాలి ఫిల్టర్ మూసుకోనుంటాది," అన్నాడు పెంచల్.

"దానికి నల్లపొగ వస్తాది. ఇది తెల్లగా వచ్చినాది. డీజిల్లో నీళ్లున్నాయి."

నరేంద్రబాబు వెనక నుంచి ఆమె జుట్టు పట్టి తల సీటుకేసి కొట్టాడు. "ముందే తెలుసా నీకు?"

పెదవి చిట్లింది. దుర్గ నెత్తురు ఉమ్మింది. "కత్తి చూపించి ఎక్కించినప్పుడు నన్నేమన్నా సలహా అడిగినారా? కట్లిప్పు. మా పడవ ఇంజను చూసేది నేనే. బాగు చేస్తా."

"స్టార్టు కాకపోతే వీడి గొంతు ఇక్కడే కోస్తా."

పెంచల్ తాడు కోశాడు. బానెట్ ఎత్తారు. దుర్గ ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసింది. ముందు నీళ్లు కారాయి, తర్వాత డీజిల్ వచ్చింది. స్క్రూ బిగిస్తూ పెంచల్ మెడలో వేలాడే తువ్వాలు చూసింది. ఇంజను ముందు ఫ్యాన్‌కు పాత జీపుల్లో లాగే ఏ అడ్డూ లేదు.

"ఫిల్టర్ మీద ఈ చేతి పంపు నొక్కతా ఉండు. బాగా వంగి నొక్కు. నేను తాళం తిప్పతా."

"ఆడదానికి ఇంజను పని, నాకు ఒంగే పని," అని నవ్వుతూ పెంచల్ వంగాడు.

దుర్గ డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. ఫ్యాన్ తువ్వాలును లాక్కుంది. దాంతోపాటు పెంచల్ ముఖాన్ని కూడా. బానెట్ లోపల నెత్తురు చిమ్మింది. ఆ కేక సరస్సు మీద పక్షులన్నిటినీ లేపింది.

నరేంద్రబాబు దూకి ముందుకు పరిగెత్తాడు. కత్తితో తువ్వాలు తెగ్గోశాడు. ముక్కు, దవడ కలిసిపోయిన పెంచల్ గట్టు పక్కకు దొర్లాడు. నరేంద్రబాబు జీపుకు ఎదురుగా కత్తి ఎత్తాడు.

ఎత్తి ఉన్న బానెట్ వల్ల దుర్గకు కనిపించింది అతని కాళ్ల నీడ ఒక్కటే. అది చాలు. గేరు వేసి క్లచ్ వదిలింది.

ముందు చక్రం ఎగిరి పడింది. తర్వాత వెనక చక్రం.

"దుర్గా... ఏంది అది?" సుధాకర్ గొణిగాడు.

"రోడ్డు బాగలేదు. పడుకో."

తల బయటకు పెట్టి దారి చూస్తూ తోలింది. కరకట్ట దాటిందో లేదో మళ్లీ అదే దగ్గు. ట్యాంకులో నీళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వెనక గట్టు పక్కన పెంచల్ కదులుతున్నాడు, దారి మీద నరేంద్రబాబు లేవలేదు. దిగి స్క్రూ విప్పింది. ఫ్యాన్ రెక్కలకు అంటుకున్న తువ్వాలు పీలికలు పీకి, పంపు నొక్కి, మళ్లీ స్టార్టు చేసింది.

"పోలీస్ స్టేషన్‌కు పోతున్నాం. ఆస్పత్రికి వాళ్లే పంపిస్తారు. మాట్లాడగలవా?"

సుధాకర్ చెవి మీద చెయ్యి తీయకుండా తలూపాడు.

"రెండు చావులు చెప్పాల," అంది. "పద్మనాభయ్యది నువ్వు చెప్పు. ఇది నేను చెప్తా."