బాయికి పొయ్యొచ్చిన తోటకూర

కాలనీ మొత్తానికి ఒక్క టీవీ ఉన్న రోజులల్ల, గోదావరిఖనిల అన్నిటికన్న గట్టిగ మూసుకునేది బొగ్గుబాయి గేటు కాదు, గట్టయ్య బిడ్డ కనకి నోరు. తోటకూర ముద్ద కనబడితే సాలు, బాయిల పేల్చే మందు తెచ్చి పెట్టినా తెరుసుకోకపోతుండె. మిర్చిబజ్జికైతే తనంతట తానే తెరుసుకుంటుండె.

నవ్వుకునే ముచ్చటే గని, ఒకనాడు బడిల ప్రార్థన కాడ పొల్ల కండ్లు తిరిగి పడ్డది. దవాఖానల డాక్టరు కంటిరెప్ప కిందికి గుంజి చూసి, రక్తం తక్కువున్నదని, ఆకుకూరలు తినకుంటే తన మందులొక్కటే ఏం చెయ్యలేవని చెప్పిండు. తల్లి సమ్మవ్వకు గదే ఫికర్ పట్టుకున్నది. తోటకూర, పాలకూర, మునగాకు, ఆమె వండని ఆకు లేదు. కాలనీ మేకలు ఆమెను చూసి మొఖం తిప్పుకునేటియి.

గట్ల నడుస్తుంటే, ఒకనాడు గట్టయ్య బాయిల మొదటి షిఫ్టు చేసి ఇంటికొచ్చి టిఫిను కింద పెట్టిండు. అండ్ల రొట్టె ముక్క, తోటకూర మిగిలున్నయి. కనకి మూత తీసింది, వాసన చూసింది, గిన్నె నాకి పెట్టింది. సమ్మవ్వ చేతుల చీపురు చేతులనే ఉన్నది.

"బాయికి పొయ్యొచ్చిన కూర మస్తున్నదే అవ్వా," అన్నది పొల్ల.

ఇగ దినాం పొల్ల వంతు కూర గట్టయ్య కిందికి మోసుడు, పైకి మోసుడు. పక్కింటి అస్గర్, గట్టయ్యతోటి ఒక్కకాడనే పనిచేసేటాయన, తన పిల్లల పాలకూర సుత మోసుకపోవుడు షురూ చేసిండు. కొన్నొద్దులకు బాయిలకెళ్లి బొగ్గు కన్న ఆకుకూరే ఎక్కువ పైకొచ్చింది.

అంతల సమ్మె పడ్డది. బాయి బంద్. బాయికి పోని కూర నాకొద్దని కనకి మళ్ల గేటేసింది. బిడ్డ మొఖం మళ్ల పాలిపోవుడు చూసి సమ్మవ్వ పానం కొట్టుకున్నది. గట్టయ్య టిఫిను పట్టుకొని ఎనుక వాకిట్లకెళ్లి పొయ్యి, మొఖానికి బొగ్గు రాసుకొని, ముందటి వాకిట్లకెళ్లి అలిసిపోయినట్టు వచ్చిండు. కనకి తనిఖీ ఆఫీసరు లెక్క తండ్రి చుట్టు తిరిగింది.

"చెవుల ఎనుక బొగ్గు లేదు నాయినా."

గట్టయ్య కూలబడ్డడు. రుచి బొగ్గుది కాదని ఒప్పుకున్నడు. బాయిల అందరు గుండ్రంగ కూసోని టిఫినులు విప్పుతరు, ఒకని గిన్నెల ఇంకొకడు చెయ్యి పెడుతడు, ఒక్కడే తినేటోడు ఉండడు, గదే రుచి అన్నడు.

"మరి మొదటిసారి గానాడు నీ గిన్నెల కూర ఎందుకు మిగిలింది?"

గట్టయ్య గోడ దిక్కు చూసిండు. గడప కాడ నిలవడ్డ అస్గర్ జవాబు చెప్పిండు.

"గానాడు నేను పనికి నాగా పెట్టిన బేటీ. మీ నాయిన ఆకుకూర ముట్టడు. దినాం నేనే తింట."

సమ్మవ్వ గట్టయ్య దిక్కు తిరిగింది. ఆమె చూసిన చూపు కంపెనీ మీద పడితే సమ్మె గా పొద్దే తెగేది. ఇన్నేండ్లు ఖాళీ టిఫిను చూసి మురిసింది మరి. గని గుండ్రంగ కూసునుడన్న మాట ఆమెకు తగిలింది: తమ ఇంట్ల తండ్రి షిఫ్టు తండ్రిది, పొల్ల ఒక్కతే గడపల తినేది, తను అంట్లు తోమినంక తినేది. ఆమె చాప పరిచింది, కూరగిన్నె నడుమల పెట్టింది, అస్గర్ ఇంటోళ్లను సుత పిలిచింది. కనకి ఒక ముద్ద కలిపి తండ్రి కంచంల పెట్టింది.

"నువ్వు తింటే నేను తింట."

బాయిల కప్పు ఊగినప్పుడు సుత గట్టయ్యకు గన్ని చెమటలు పట్టలేదు. బిడ్డ సన్నటి చెయ్యి చూసిండు. కండ్లు మూసుకొని మింగిండు. మంచిగనే ఉన్నదని గొణిగి, గిన్నె దిక్కు చెయ్యి చాపిండు. కనకి గేటు తెరిచింది.

సమ్మె ఒడిసింది గని చాప ఎత్తలేదు. ఏ షిఫ్టున్నా దినంల ఒక్కపూటన్న అందరు గుండ్రంగ కూసునుడే. తర్వాత డాక్టరు కంటిరెప్ప గుంజి చూస్తే ఎర్రగున్నది. ఏం పెట్టినవమ్మా అనడిగితే, సమ్మె చేసినం సారూ, అన్నది సమ్మవ్వ.

గా పొద్దు ఇంటికి రాంగనే ఆమె దేవునికి దీపం పెట్టింది, తోటకూర కట్టకు దండం పెట్టింది, పెద్ద గిన్నె నిండ కూర పట్టుకొని అస్గర్ ఇంటికి పోయింది. ఎందుకు వదినా ఇంత కూర, అన్నడాయన.

సమ్మవ్వ కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది.

"గానాడు నువ్వు నాగా పెట్టినందుకు అన్నా."