వెనక వంటిల్లు బ్యాండు

బాబ్జాన్ అన్నం ముందు కూర్చుంటే నీళ్ళు కావాలని నోటితో అడగడు. ఖాళీ గ్లాసును గోటితో కొడతాడు. టిక్కు, టిక్కు, టిక్కు. వినపడకపోతే ఇంకో మూడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో షహజాదీకి ఆ చప్పుడంటే ఒళ్ళు మండిందంటే, లేచి నీళ్ళు తెచ్చివ్వాల్సి వస్తుందని కాదు. మూడో దెబ్బ ఎప్పుడూ పడాల్సిన దానికంటే ముందే పడుతుందని.

ఆమె రాయచోటి దగ్గర మేళం వాయించే దూదేకుల ఇంటి పిల్ల. తండ్రి పెద్ద దస్తగిరి డోలు కొడితే మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళు నడిచేవి. ఆ ఇంట్లో డోలు మగవాళ్ళది. వేళ్ళకు తొడిగే గుడ్డ తొడుగులను గంజిలో తడిపి, ఒక్కో వేలి కొలతకు చుట్టి, ఆరబెట్టేది మాత్రం ఆడవాళ్ళు. "ఆడది ముట్టుకుంటే డోలు మూత పగుల్తాదే" అనేది మేనత్త. అట్లయితే దాన్ని ఎండలో పెట్టేదెవరు, వానొస్తే లోపలికి తెచ్చేదెవరని చిన్నప్పుడు షహజాదీ అడిగింది. "అది మొయ్యడం. ముట్టుకోవడం కాదు" అని జవాబు వచ్చింది. దాంతో పిల్ల డోలు మోస్తూ, వింటూ, పిండి పిసుకుతూ, చాటలో వేళ్ళాడిస్తూ తాళాలన్నీ కడుపులో దాచుకుంది.

బాబ్జాన్‌దీ మేళం ఇల్లే. కానీ అతను డోలు ముందు కూర్చుంటే, పెళ్ళికొడుకు తాళి చేతికి తీసుకోకముందే గట్టిమేళం అయిపోయేది. అలాంటివి మూడు పెళ్ళిళ్ళు అయ్యాక మేళం పెద్దలంతా కూడబలుక్కుని అతనికి డ్రైవరు వీసా వెతికారు. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక యజమానికి డ్రైవరూ, వంటమనిషీ కలిసి కావాలట. అలా ఎనభై ఏడులో ఇద్దరూ అక్కడి అజీజియా పేటలో దిగారు. "మొగుని పక్కన కూచోని దేశాలు చూస్తాండావు, నీకేం తక్కువమ్మా" అని అత్త ఉత్తరం రాయించేది. షహజాదీ చూసిన దేశం ఒక వంటిల్లు, దాని కిటికీ, కిటికీకి ఎదురుగా ఒక గోడ.

ఆ గోడకు అవతలి గ్యారేజీలోనే తొంభైలో బ్యాండు పుట్టింది. ఇరాక్ వాడు కువైట్ మీద పడ్డాక అమెరికా సైన్యం వచ్చింది. యజమాని ముందువైపు విల్లాను వాళ్ళకు బాడుగకిచ్చాడు. ఇచ్చేటప్పుడు వంటమనిషిని కూడా కలిపే ఇచ్చాడని షహజాదీకి ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి రెండిళ్ళ అంట్లు ఒకే తొట్టిలో ఉన్నాయి, అంతే.

విల్లాలో ముగ్గురు కుర్రాళ్ళు పాటగాళ్ళు. గిటారు వాయిస్తూ పాడేవాడు డేవిడ్. లావు తీగల గిటారు వాడు ఆరన్. డ్రమ్ములు కొట్టేది మైక్. ముగ్గురికీ ఇరవై, ఇరవై ఒకటి. మొదటి రోజు షహజాదీ కోడిని పెరుగులో నానబెట్టి వండిపెడితే ముగ్గురూ ప్లేటు వైపు చూసి, ఆమె వైపు చూసి, రొట్టె ఒక్కటే తిన్నారు. రెండో రోజు పెరుగు లేకుండా వండితే గిన్నె నాకేశారు. శుక్రవారం పొద్దుగూకే వేళకు స్నానాలు చేసి, దువ్వుకుని, ఏదో కబుర్ల సమావేశం అని చెప్పి వెళ్ళేవారు. కబుర్లకు అంత దువ్వుకునేదెవరు? డేవిడ్ అంటే దావూద్ కదా, ఆరన్ అంటే హారూన్ కదా, ఇవన్నీ మన నబీల పేర్లే కదా అని ఆమె వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో అడిగేసింది. డేవిడ్ గ్యారేజీ తలుపు మూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "యహూదీ" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టాడు. అంటే యూదులు; అందుకే కోడిలో పెరుగు కలిపితే తినలేదు, శుక్రవారం దువ్వుకుని వెళ్ళేది ప్రార్థనకు.

షహజాదీ నవ్వింది. "నాయనా, మా కతా ఇంతే. మసీదు కాడ దూదేకులోళ్ళంటారు, గుడి కాడ తురకోళ్ళంటారు. మేళానికి మాత్రం ఇద్దరూ పిలుస్తారు" అంది తెలుగులోనే. వాడికేం అర్థమైందో గానీ, వాడూ నవ్వాడు. ఈ రహస్యాన్ని ఆమె బాబ్జాన్‌కు చెప్పలేదు. అతని నోరు కూడా అతని డోలు లాంటిదే, ఆగాల్సిన చోట ఆగదు.

బ్యాండుకు 'బ్యాక్ కిచెన్' అని పేరు పెట్టుకున్నారు. వెనక వంటిల్లు అని అర్థం తెలిసి షహజాదీ ముక్కున వేలేసుకుంది. పాటలకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదా ఈ పిల్లలకు! డేవిడ్ వాళ్ళ తాత పెళ్ళిళ్ళలో పాడిన పాట ఒకటుండేది. అది ఎన్నిసార్లు ఎత్తుకున్నా మధ్యలో కూలబడేది. మైక్ నాలుగేసి దెబ్బలు కొట్టేవాడు. ఆ పాట ఏడు దెబ్బలది. గోడకు ఇవతల రొట్టెల పిండి పిసుకుతూ తకిట తకధిమి, తకిట తకధిమి అని ఆమె ఏడు లెక్కపెట్టేది. అవతల వాడు నాలుగు కొట్టేవాడు. పిండి గట్టిపడేది.

జనవరిలో యుద్ధం మొదలయ్యేసరికి మైక్‌ను సరిహద్దులోని ఖఫ్జీ వైపు పంపించారు. బ్యాండు చెయ్యి విరిగినట్టయింది. యజమాని ఇంట్లో అందరికీ గ్యాసు మాస్కులు ఇచ్చారు. డ్రైవరు జంటకు మాత్రం ఒక్కటే ఇచ్చారు. బాబ్జాన్ దాన్ని తగిలించుకుని, లోపలి నుంచి బుస్సుబుస్సుమంటూ "నేను బతికుంటే గదా మే, నిన్ను జూసుకునేది" అన్నాడు. చూసుకోవడమంటే ఇదేనేమోనని ఆమె కొంగు మూతికి చుట్టుకుంది.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగితే విల్లాలో కిటికీలకు టేపు అంటించిన గదిలోకి అందరూ దూరారు. ఆరన్ మైక్ వదిలేసిపోయిన పాత మాస్కును ఆమె చేతిలో పెట్టాడు.  పక్కన బోర్లించిన దేగిసా ఉంది. షహజాదీ వేళ్ళు వాటంతటవే దాని మీదికి వెళ్ళాయి. తకిట తకధిమి. రెండో చుట్టుకు డేవిడ్ తల తిప్పాడు. మూడో చుట్టుకు మాస్కులోంచే తాత పాట ఎత్తుకున్నాడు. మొదటిసారి ఆ పాట కూలబడకుండా చివరికంటా వెళ్ళింది. సైరన్ ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు.

మరుసటి రోజు కుర్రాళ్ళు వచ్చి షహజాదీని డ్రమ్ములు కొట్టమని అడిగితే బాబ్జాన్ అడ్డుపడ్డాడు. "షీ కుకింగ్. ఐ డ్రమ్. ఐ మాస్టర్" అన్నాడు. సరేనని కూర్చోబెట్టారు. అతను వాయించిన పాట ముగిసేసరికి గిటార్లు ఇంకా రెండో చరణంలో ఉన్నాయి. పిల్లలు మర్యాద తెలిసినవాళ్ళు. థాంక్యూ చెప్పి నీళ్ళిచ్చారు.

ఇక షహజాదీ వంతు. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్మును చూసి ఆమె చెవులు మూసుకుంది. "వాద్యాన్ని కాలితో తంతారా? కళ్ళు పోతాయి నాయనా!" ఎంత చెప్పినా వినలేదు. దాన్ని ఎత్తి రెండు కుర్చీల మధ్య అడ్డంగా పెట్టించింది. కళ్ళకద్దుకుని, ఒకవైపు పుల్లతో, రెండోవైపు చేత్తో, డోలు కొట్టినట్టే కొట్టింది. మూత పగల్లేదు. గ్యారేజీ రేకులు మాత్రం దడదడలాడాయి. ఆరన్ నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

ఫిబ్రవరి ఆఖరులో వాళ్ళ పండగ వచ్చింది. మారువేషాలు వేసుకుని, ఒక పాత కథ చదువుతూ, అందులో దుర్మార్గుడి పేరు వచ్చినప్పుడల్లా ఆ పేరు వినపడకుండా గోల చేసే పండగ. మూడు రోజుల ముందే దహ్రాన్‌లో క్షిపణి పడి సైనికులు పోయారు. పండగ చెయ్యాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. పండగ నాటి పొద్దున్నే యుద్ధం ఆగిందని రేడియో చెప్పింది. అయితే చెయ్యాల్సిందే అన్నారు. మధ్యాహ్నం గ్యారేజీలో ముప్ఫై మంది చేరారు. బాబ్జాన్‌ను అమెరికా పండగని చెప్పి పిలిచి, గరగరమనే గిలక చేతికిచ్చి, పేరు వచ్చినప్పుడల్లా తిప్పమన్నారు. ఆ పనికి తాళం అక్కర్లేదు. అంత బాగా బాబ్జాన్ ఏ పెళ్ళిలోనూ వాయించలేదు. అందరూ వేషాల్లో ఉన్నారు కాబట్టి మైక్ పాత కోటూ, గ్యాసు మాస్కూ తగిలించుకుని కూర్చున్న డ్రమ్మరు ఎవరని ఎవరూ అడగలేదు. షహజాదీ గంటన్నర వాయించింది. ఆ గంటన్నరలో ఎవరూ ఆమెను ఏమీ తెమ్మనలేదు.

అదంతా టేపు చేశారు. వెళ్ళిపోయే ముందు డేవిడ్ క్యాసెట్టు మీద పేర్లు రాస్తూ కలం ఆపి ఆమె వైపు చూశాడు. "ఆడదాని పేరు క్యాసెట్టు మీదా! ఊర్లో తలెత్తుకోగలమా?" అన్నాడు బాబ్జాన్ వెనక నుంచి. ఆమెకు అత్త కనిపించింది, మేనత్త కనిపించింది. వాళ్ళ వెనక ఊరంతా కనిపించింది. "బాబ్జాన్ అని రాయి" అంది. డేవిడ్ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పింది.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ క్యాసెట్టు బాబ్జాన్‌ను పోషించింది. ప్రతి శుక్రవారం జుబైల్ నుంచి మనవాళ్ళు ఎవరో ఒకరు వచ్చేవారు. ముఖ్యంగా కరీంనగర్ వైపు ఫిట్టరు నర్సింలు, అతనితో స్టోర్‌లో పనిచేసే లక్ష్మణ్. "బాబ్జాన్ అన్నా, గా క్యాసెట్ పెట్టరాదే!" అనేవాడు నర్సింలు. పాట మొదలు కాగానే "ఏం గొడ్తివే అన్నా! చేతులా, పిడుగులా?" అని తొడ చరుచుకునేవాడు. ఏదీ ఒకసారి కొట్టి చూపించమంటే బాబ్జాన్‌కు ఆ వారమే వేలు బెణికి ఉండేది. ఆరేళ్ళలో అతని పది వేళ్ళూ వంతులవారీగా బెణికాయి. షహజాదీ చేతులు ముందు గదిలో పొగడ్తలు అందుకుంటుంటే, షహజాదీ వెనక గదిలో ఉల్లిపాయలు తరిగేది. తరిగేటప్పుడు కత్తిపీట మీద ఏడేసి ముక్కలు పడేవి. ఎవరైనా విన్నారా అంటే, ఆకలి మీదున్నవాళ్ళకు ఉల్లిపాయల తాళం ఎక్కడ వినపడుతుంది!

తొంభై ఏడులో ఒక శుక్రవారం ఎవరో ఇంజనీరు అమెరికా నుంచి తెచ్చానని ఒక కవరు ఇచ్చిపోయాడు. అందులో డేవిడ్ ఉత్తరం, కొత్త పాటల డిస్కు, ఒక ఖాళీ క్యాసెట్టు. బాబ్జాన్ ముఖం వెలిగిపోయింది. "లక్ష్మణూ, అందరికీ వినపడేటట్టు చదువు" అని గోడకు ఆనుకున్నాడు.

లక్ష్మణ్ చదివి, తెలుగు చేసి చెప్పాడు. "గాళ్ళ బ్యాండు చరిత్ర పుస్తకం ఏస్తున్నరట. న్యూజెర్సీల గిప్పుడు యూదుల పెండ్లిళ్ళన్నింటికీ గీళ్ళే వాయిస్తరట..."

"యూదులా? ఎవురు?" అన్నాడు బాబ్జాన్.

నర్సింలు చేతిలో ముద్ద ఆగింది. "నీకు తెల్వదా అన్నా? ఆ బ్యాండుల గొట్టింది నువ్వే గదా!"

"తెలుసు, తెలుసు. నువ్వు చదువప్పా."

"ఆనాటి సంది నలుగురు డ్రమ్ములోళ్ళు మారిన్రట. అందరు కాలుతోని తన్నెటోళ్ళేనట. ఖోబర్ క్యాసెట్ల ఉన్న మోత ఒక్కనికీ వస్తలేదట. గది వాయించింది ఎవరని జనం అడుగుతున్నరట. 'ఆరేండ్లు బాబ్జాన్ అని చెప్పినం, షహజాదీ అట్ల రాయమన్నది గనుక...'" లక్ష్మణ్ గొంతు తగ్గింది. "'ఇప్పుడు ఆమెను మళ్ళ అడుగుతున్నం. ఎవరి పేరు రాయాలె? ఇంకొక క్యాసెట్ నింపి పంపుతదా?' గంతే ఉన్నది."

"లక్ష్మణూ, నీ ఇంగ్లీషు స్టోర్ రూములో నట్లు లెక్కబెట్టుకునేదానికే సరిపోతాది" అన్నాడు బాబ్జాన్.

"సాఫ్ గ రాసిండన్నా. నేనేం జెయ్యాలె?"

అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. షహజాదీ అక్కడే నిలబడి ఉంది, చేతిలో గరిటె. ఒక్క మాట చాలు. పిల్లోడు పొరపాటున రాసినాడు అంటే చాలు, అన్నం చల్లారకముందే అంతా సర్దుకుంటుంది. అలాంటి మాటలు ఆమె దగ్గర ఎప్పుడూ వండి సిద్ధంగా ఉంటాయి. మా ఆయన అలసిపోయినాడు అని, మా ఆయన వేలు బాగాలేదు అని, మా ఆయన మనసు వెన్న అని. బాబ్జాన్ కళ్ళు ఆ మాట కోసమే చూస్తున్నాయి, ఆకలేసిన పిల్లవాడి కళ్ళలాగా. జాలేసింది కూడా. జాలి వేరు, డోలు వేరు అనుకుంది.

"షహజాదీ అని రాయి తమ్ముడా" అంది. "పెద్ద దస్తగిరి కూతురని కూడా రాయి. క్యాసెట్టు నింపి పంపిస్తాండానని రాయి."

"వదినా! నువ్వా?" నర్సింలు ఎడమచేత్తో నెత్తి కొట్టుకున్నాడు. "ఆరేండ్లు కూర మంచిగున్నదని మెచ్చుకుంటి గదా నిన్ను!"

"కూరా బాగానే ఉంటాది లే. వచ్చే శుక్రవారం నుంచి వచ్చేటోళ్ళు వండుకోని రాండి. నాకు పని ఉంటాది."

"ఏం పనే?" అన్నాడు బాబ్జాన్.

ఆమె గరిటె అతని చేతికిచ్చి, పెద్ద దేగిసాను లాగి గది మధ్యలో బోర్లించి కూర్చుంది. లక్ష్మణ్ ఖాళీ క్యాసెట్టును టేప్‌రికార్డరులో పెట్టాడు. బాబ్జాన్ గరిటెను కాసేపు చూసి, అందరి ముఖాలూ చూసి, ఇక చూడటానికి ఏమీ లేక వంటింట్లోకి వెళ్ళాడు. డబ్బాల మూతలు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, మళ్ళీ తెరిచిన చప్పుడు. పదేళ్ళుగా ఆ ఇంట్లో మూడు పూటలా తింటున్న మనిషి గుమ్మంలోకి తల పెట్టి అడిగాడు.

"షహజాదీ, బియ్యం యాడుంటాయి?"