ఎర్రనీళ్లు

పొడవాటి బ్రష్షును టెస్ట్‌ట్యూబులోకి దించి, మూడుసార్లు తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసింది లీలమ్మ. మరక లేదు. స్టాండులో బోర్లించి ఇంకోటి అందుకుంది. లాల్‌దర్వాజా బడిలోని ప్రయోగశాలలో ఆమెకు ఇది చివరి రోజు. ముప్పై ఏళ్లు చాకలిసోడా నీళ్లతో కడిగి కడిగి వేళ్లు పగిలిపోయాయి. నిమ్మరసం తగిలితే చుర్రుమంటాయి.

చింతపండు రసం, నిమ్మరసం ఒకవైపు, సబ్బునీళ్లు, సున్నపుతేట ఇంకోవైపు సర్దిపెట్టడం ఆమె పని. లిట్మస్ కాగితం ముంచి చూపించడం సార్ల పని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తానూ పిల్లల ముందు నిలబడి చూపించాలని ఆమెకు ఎంత ఆశో! నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ కూడా కృపాకర్ సారే పాఠం చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి విన్నది. ఇక ఆ ముచ్చట తీరదనుకుంది.

సాయంత్రం పదో తరగతి పిల్లలు ప్రయోగశాలలోనే ఆమెకు చీర పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. దిష్టి తీయడానికి సోనీ అనే పిల్ల పళ్లెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. ఆ పిల్లకు హుషారెక్కువ, నిదానం తక్కువ. దిష్టికి నిమ్మకాయ కూడా మంచిదని సగం చెక్క అందులో పిండేసింది. ఎర్రనీళ్లు కాస్తా పసుపురంగుకు తిరిగాయి.

"అయ్యో, ఖరాబైనయ్!" సోనీ ఏడుపుముఖం పెట్టింది.

కృపాకర్ సార్ చెప్పబోయి, లీలమ్మ ముఖం చూసి ఆగాడు. "మీరే చెప్పుండ్రి లీలమ్మా."

ఆమె లేచి, పళ్లెంలోని నీళ్లు కొన్ని ట్యూబులో పోసింది.

"ఏం కాలే బిడ్డా, ఫికర్ జెయ్యకు. సున్నం తగిల్తే పసుపు ఎర్రగైతది. నిమ్మకాయ పులుపు ఆ సున్నాన్ని చంపింది, గందుకే మళ్ల పచ్చగైంది. ఇగ సూడుండ్రి!"

చిటికెడు సున్నం వేసి ఊపింది. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. పిల్లల కేకలతో గది దద్దరిల్లింది.

"ఇంకోసారమ్మా!"

పులుపు పిండింది, సున్నం వేసింది. నాలుగుసార్లు చేసింది. చేసిన ప్రతిసారీ పిల్లలకన్నా ఆమే ముందు నవ్వింది.

పళ్లెంలోనూ సున్నం కలిపి దిష్టి తీశారు. "మస్తు ఖుషీ అయింది సార్" అని, సంచి భుజాన వేసుకుని లీలమ్మ వెళ్లిపోయింది. ఆ సంబరంలో కడగడం మరిచిపోయింది.

కిటికీ దగ్గర స్టాండులో, బోర్లించిన ట్యూబుల మధ్య ఒక్కటి నిటారుగా నిలబడి ఉంది, నిండా ఎర్రనీళ్లతో.