పనికి చెప్పులు

లాస్య యానాం నుంచి తమిళుల మధ్య ఉన్న కోసపాళయానికి కోడలిగా వచ్చి ఏడాది కాలేదు. దగ్గర్లోని సారం అనే పేటలో ఒక కంటి క్లినిక్ వాళ్లు రిసెప్షన్‌లో చేరమని ఆమెను పిలిచారు. భర్త ప్రభు, అమ్మనొక మాట అడుగు అని తెలివిగా తప్పుకున్నాడు. అడిగింది. అత్త తిలగం బీన్స్ తరుగుతూ "ఊఁ" అంది, అంతే. ఆ ఊఁని ఎటు తిప్పి చూసినా లాస్యకు వద్దన్నట్టే తోచింది. మళ్లీ కదిపే ధైర్యం లేక లోలోపలే కుమిలిపోయింది.

డిసెంబరు వానలు కాస్త తెరిపిచ్చి, తెల్లవారుజామున వణుకు మొదలైంది. ఒకరోజు లాస్య వాకిట్లో ముగ్గేసి తుమ్ముకుంటూ లోపలికొచ్చింది. తిలగం ఆమె కాళ్లకున్న అరిగిపోయిన హవాయి చెప్పుల వైపు చూసింది.

"పనికి మంచి చెప్పులు తీసుకో మే. వీటితో యాడికి పోతావు?"

లాస్యకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారే నోరు తెరిచి పనికి అన్నాక ఇంకా తాత్సారమెందుకు? అప్పటికప్పుడే క్లినిక్‌కు ఫోన్ చేసి సోమవారం చేరతానని చెప్పేసింది. ఆ తర్వాతే నెల్లితోపు బజారుకు బస్సెక్కింది.

కొట్టతను ముందు మూసిన బూట్లు చూపించాడు. నీళ్లు నిలిచే వీధుల్లో అవి ఒక్కసారి తడిశాయంటే ఇక వాసన వదలదు. ఎత్తు మడమలవి ముచ్చటగానే ఉన్నాయి గానీ, పాచి పట్టిన కాలువ పలక మీద జారితే చేరాల్సింది రిసెప్షన్‌లో కాదు, వార్డులో. చివరికి వెనక పట్టీ ఉండి, నేలను గట్టిగా పట్టుకునే నల్ల శాండల్స్ తీసుకుంది. తడిసినా తుడిస్తే సరి, నలుగురిలో హుందాగానూ ఉంటాయి.

ఇంటికొచ్చాక తిలగం వాటిని తిరగేసి చూసి మొహం చిట్లించింది. "ఏంది ఇది? వేళ్లన్నీ బయటుంటే పని ఎట్ల ఆగుతాది?"

"పని ఎందుకాగుతుంది అత్తయ్యా? సోమవారం నుంచి రమ్మన్నారు."

తిలగం అర్థంకాక చూసింది. "ఆ పని గాదు మే. తెల్లారి వాకిట్లో పడుతాదే, ఆ పని."

ఆవిడ చెప్పింది మంచు గురించి. ఆ ఇంటి తెలుగులో మంచుకు తమిళ "పని" అనే మాటే తరాలుగా చెల్లుబాటవుతోంది. కొత్త కోడలికి ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. లాస్య నీరుగారిపోయింది. అత్తయ్య ఒప్పుకోనేలేదన్న మాట, అవతల క్లినిక్‌కు మాటిచ్చేసింది. కళ్లనీళ్లు తిరుగుతుండగా జరిగిందంతా గబగబా కక్కేసింది.

తిలగం అంతా విని శాండల్స్ కింద పెట్టింది. "నువ్వు అడిగిననాడే ఊఁ అంటి గదా. మా ఇండ్లల్లో ఊఁ అంటే పొమ్మనే. నేను మిల్లుకు పోయేటప్పుడు మా అత్త అది గూడా అనలే."

లాస్య గుండెల మీది బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఇన్నాళ్లూ ఊరికే కుమిలిపోయినందుకు ఏడుపు, దాని వెనకాలే నవ్వు వచ్చాయి. తిలగం అదేమీ పట్టించుకోకుండా బీరువాలోంచి మేజోళ్ల జత తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇవి తొడుక్కోని ఆ చెప్పులేసుకో. పనికి పోయేదానివి పనిలో వణికితే ఎట్ల?"