దండపాణి తెచ్చిన ఆంప్లిఫయర్

తిరుత్తణి బజారులో దేవసేన పొద్దున్నే షట్టర్ ఎత్తి, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేలోపు టీ తాగుతాది. ఆ పొద్దు టీ తాగనేలేదు. మొగుడి అన్న, బావ దండపాణి పొదటూరుపేట నుంచి ఇంట్లోని ఆంప్లిఫయర్ మోసుకొచ్చి బల్లమీద దబ్బున పెట్టినాడు. వెనకాలే వాళ్ళ వీధి పెద్ద రత్నస్వామి.

"గుయ్యిమంటా ఉండాది. ఆడికృత్తిక పండగకు పాటలు పెట్టాల. ఇది బాగుచేసి అంగడి తాళాలు పెద్దాయన చేతికియ్యి. ఇంగ నీకిక్కడ పనిలేదు," అన్నాడు దండపాణి.

మొగుడు మురళీధరన్ పోయినాక దేవసేనకు కూడు పెట్టేది ఈ అంగడే. అది అత్త రుక్మిణమ్మది. ఆమె పోతా పోతా అంగడి తనకే ఇమ్మనిందని దండపాణి ఊరంతా చాటినాడు. ఆ గడియలో మంచం పక్కన ఉండింది అతనొక్కడే. కాదనేదానికి ఎవరుండారు? వీడి నోట్లో మన్నుపడ, అనుకునింది దేవసేన.

మూత విప్పింది. ఆ పక్కల ఈ పని తెలిసినోళ్ళు మొదట చేసేది ఒకటే. పెద్ద కెపాసిటర్ కాళ్ళకు బల్బు తీగలు ఆనించి, లోపల మిగిలిన కరెంటూ, పెట్టె పక్కన ఎవరో పలికిన మాటలూ దించేస్తారు. దించకుండా చెయ్యి పెడితే షాకూ కొడతాది, ఎవరింటి తిట్లో చెవిన పడతాయి.

"దాంట్లో ఏముంటాది మే? ఈ పెట్టె అమ్మ మంచం పక్కన్నే ఉండె. ఆమె పోయిన దినమే గుయ్యిమనిందని ప్లగ్గు పీకేసినా, మళ్ళా పెట్టలేదు. రెండు నెల్లాయ. ఊరికే టైం వేస్టు చెయ్యొద్దు," అన్నాడు దండపాణి.

"ఇది చూడు బావా." కెపాసిటర్ పక్కనే నల్లగా కాలి తెగిపోయిన రెసిస్టర్ చూపించింది. "కరెంటును మెల్లగా దించేది ఇదే. ఇది తెగితే లోపలుండేది లోపల్నే ఉంటాది."

దండపాణి మొహం మాడిపోయింది. అతను చెయ్యి చాపేలోపు ఆమె తీగలు ఆనించేసింది.

బల్బు వెలిగింది. స్పీకర్ తగిలించని పెట్టెలోంచి దండపాణి గొంతే వచ్చింది: "నీకు మాట పడిపాయ కదమ్మా. అంగడి నాకిమ్మన్నావని నేనే చెప్పుకుంటాలే."

ఆ వెనకే, వద్దన్నట్టు రుక్మిణమ్మ మంచంపట్టె మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. మళ్ళీ కొట్టింది. బల్బు ఆరిపోయేదాకా కొడతానే ఉండింది.

దేవసేనకు ఏడుపొచ్చింది. కోపం అంతకన్నా ఎక్కువొచ్చింది.

"కెపాసిటర్, రెసిస్టర్ రెండూ మార్చాల. గంట పడతాది," అని డబ్బాలో వెతకబట్టింది.

దండపాణి పెట్టెను లాక్కోబోయినాడు. రత్నస్వామి అతని రెట్ట పట్టుకున్నాడు.

"ఆయమ్మ అంగట్లో ఆయమ్మను పని చేసుకోనీరా," అన్నాడు. "నువ్వు బయటికి నడువు."