నలభయ్యో అంతస్తు దూలం

మెల్‌బోర్న్ మీద దక్షిణపు గాలి పొద్దుట్నుంచీ మొహాలు వాచేలా కొడుతోంది. నలభై అంతస్తుల ఎత్తున, ఇనుప కడ్డీల మధ్య వంగి సలేసి బైండింగ్ వైరు మెలిపెడుతుంటే మేస్త్రీ మనాసే వచ్చి ఫోను మొహం ముందు పెట్టాడు.

"అల్లుడూ, ఇక్కడో సంతకం గిలుకు. కింద కాంక్రీటు బండ్లు కాచుకునున్నాయి."

మనాసే సలేసికి స్వయానా మేనమామ. టోంగా దీవుల నుంచి పన్నెండు మందిని తెచ్చి, గంటకు నలభై డాలర్ల పని చూపించినవాడు. అతని ఉప్పు తిన్నవాళ్లెవరైనా కళ్లు మూసుకుని పెట్టేస్తారు. సలేసికి మాత్రం ఆ తొందరే నచ్చలేదు.

సంతకం లిఫ్టు గుమ్మం పైనున్న దూలానికి, లోపల కడ్డీలన్నీ సరిగ్గా పడ్డాయని. ముఠాలో అంతస్తుకొకరి చేత పెట్టిస్తాడు మామ. చూడ్డానికి పొట్టి దూలమే. కానీ గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రెండు గోడల్నీ పట్టుకునేది అదే. గాలి నెట్టినప్పుడు రెండూ ఒక్కటై నిలబడేది దాని బలంతోనే. అందుకే దాని కడుపులో లావుపాటి కడ్డీలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ పోవాలి. ఆ ఇరుకులో వాటిని దూర్చడమంటే చేతుల తోలు ఊడడమే. పాప జ్వరంతో సలేసి రెండు రోజులు ఇంటిపట్టున ఉండగా ఈ దూలానికి సెంట్రింగ్ చెక్కలు మూసేశారు. లోపల ఏముందో చెప్పడానికి ఇక ఫొటోయే సాక్ష్యం.

ఫొటోలో కడ్డీలు ముచ్చటగా ఉన్నాయి. సలేసి వేళ్లతో పెద్దది చేసి చూశాడు. వైరు మెలికలన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. ముఠాలో ఎడమచేతివాటం తనొక్కడిదే.

"మామా, ఇది నా చేతి కట్టు, ఏదో కింది అంతస్తుది. నేను లేని రోజున నేనెలా కట్టాను?"

"అబ్బ, పోలీసు కళ్లురా నీవి! అన్నీ ఒకటేలే. పెట్టవయ్యా."

"ఒకటే అయితే ఈ దూలానికే ఫొటో తీసేవాడివి కదా. ఏటవాలు కడ్డీలు వేశారా, లేదా?"

మనాసే గొంతు తగ్గించాడు. "టన్నుకింతని ఒప్పుకున్నాం రా, ఆలస్యమైతే నష్టం మనకే. కంపెనీవాడు నాలుగు రోజులకో అంతస్తు లేపమంటాడు. ఇన్నేళ్లలో నేను కట్టింది ఒక్కటైనా కూలిందా? పన్నెండు మంది పొట్ట కొట్టకు."

"పెద్దగాలి ఇంకా రాలేదు మామా. నేను పెట్టను. చెక్కలు విప్పించు."

చుట్టూ పని ఆగిపోయింది. వాళ్ల ఆచారంలో అక్క కొడుకు అడిగితే మేనమామ కాదనకూడదు. విందులో మంచి ముక్క అడిగినా, ఒంటి మీది కోటు అడిగినా నవ్వుతూ ఇచ్చేయాలి. మనాసే ముప్పై ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాడు. కిందటేడు కొత్త కారు తాళాలు కూడా మారుమాట లేకుండా చేతిలో పెట్టాడు.

"విప్పను," అన్నాడు మనాసే.

మామ నోట కాదనే మాట వినడం సలేసికి ఇదే మొదటిసారి. కడ్డీలు ఎగ్గొట్టింది ఈ ఒక్క దూలంలోనే అయితే మామ తిట్టుకుంటూనైనా విప్పేవాడు. సలేసి సంతకం లేని ఫోను తిరిగి అతని చేతిలో పెట్టి, లిఫ్టు గుంత అంచుకు వెళ్లి కిందికి చూశాడు. ఒకదాని కింద ఒకటి, ముప్పై తొమ్మిది గుమ్మాలు.