మైనస్ మూడుకు పట్టిన గతి

వినీల పోయింది ఆగస్టు పదకొండున, మధ్యాహ్నం, బందరు ఆసుపత్రిలో, డెంగీ జ్వరంతో. అందుకు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. తల్లి కృపాకుమారి పట్టలేదు కూడా. ఆమె కోపమంతా ఒక్క మార్కు మీద నిలిచింది.

జ్వరానికి వారం ముందు గుడివాడ కాలేజీలో పరీక్ష పెట్టారు. లాగ్ x² ప్రదేశం ఏమిటి, అంటే x చోట ఏయే సంఖ్యలు వేయవచ్చు అని ప్రశ్న. సున్నా తప్ప అన్నీ అని రాసింది వినీల. లెక్చరర్ నాగేశ్వరరావు కొట్టేశాడు. అక్కడ ప్రతి సోమవారం మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారు. ఆ ఒక్క మార్కుతో పిల్ల కింది సెక్షన్‌కి దిగింది.

"నాదే కరెక్టు సార్ అంటే, 'బందరులో మీ అమ్మ లెక్కలు ఇలాగే చెప్తుందా?' అన్నారు మమ్మీ. క్లాసంతా నవ్వింది" అని ఫోన్లో చెప్పింది.

"నేనొచ్చి మాట్లాడతాలే" అంది కృపాకుమారి. వెళ్ళలేదు.

నవంబరులో చల్లపల్లిలో లెక్కల అధ్యాపకుల సమావేశం. పాఠం చెప్పి చూపించేది నాగేశ్వరరావే. ఆమె వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

"ఘాతం కనబడితే ముందు కిందికి దించెయ్యండి, టైం కలిసొస్తుంది" అంటూ అతను బోర్డు మీది లాగ్ x²ను 2 లాగ్ x అని మార్చి రాశాడు. "ఇక x సున్నా కంటే పెద్దదే. ప్రదేశం అయిపోయింది."

ఆమె లేచింది. మూడు నెలలుగా ఈ మాట కోసమే కాచుకుని ఉంది.

"దించకముందు మైనస్ మూడు వెయ్యండి సార్."

"ఎందుకండీ?"

"వెయ్యండి."

వేశాడు. వర్గం తొమ్మిది. లాగ్ తొమ్మిదికి విలువ నిక్షేపంగా ఉంది. సుద్దముక్క ఆగిపోయింది.

"ఏమండీ నాగేశ్వరరావుగారూ, మైనస్ మూడు ఏం పాపం చేసిందని వెలేశారు?" అన్నాడు అవనిగడ్డ నుంచి వచ్చిన ఆదినారాయణ. హాలంతా గొల్లుమంది.

కృపాకుమారి కడుపు సగం చల్లబడింది. సగమే.

"గ్రాఫ్ గియ్యండి. ఎడమవైపు కూడా."

గీశాడు. y అక్షానికి చెరోవైపు రెండు వంపులు, దాన్ని తాకకుండా దగ్గరవుతూ కిందికి దిగిపోయాయి.

"అవి తాకని ఆ గీతనేమంటారు?"

"అనంత స్పర్శరేఖ అండీ."

"వ్యాప్తి? వచ్చే విలువలు?"

"వాస్తవ సంఖ్యలన్నీ."

అప్పుడు ఆమె జవాబు పత్రం తీసి బల్ల మీద పెట్టింది. పేరు చూసి అతని ముఖం పాలిపోయింది.

"విన్నాను మేడమ్... సారీ అండీ."

"సారీ అడగలేదు. మార్కు అడిగాను."

మార్కు వేసి సంతకం పెట్టాడు. ఆమె అది చూస్తూ నిలబడింది, జాలి పడలేదు.

"మరి క్లాసులో?"

"సోమవారం పిల్లలందరి ముందూ చెప్తాను మేడమ్."

ఆ సోమవారం గడిచింది. మరో ఆరు సోమవారాలు గడిచాయి. వినీల రాసిందే ఒప్పని ఆ క్లాసులో ఇంకా ఎవరూ చెప్పలేదు.